కౌన్సిల్ హాలు తలుపు గురించి ఛైర్‌పర్సన్ గారికి

మన పురపాలక సంఘం ఛైర్‌పర్సన్ గారికి,



మొన్న నెలాఖరున జరిగిన సాధారణ సమావేశానికి నేను వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మెట్ల దగ్గర కానిస్టేబుల్ ఆపాడు. కౌన్సిలర్లకూ విలేకర్లకూ తప్ప ఇంకెవరికీ లోపలికి లేదన్నాడు. అతన్ని అనడానికేమీ లేదు, చెప్పమన్నది చెప్పాడు. అంతలో మీరు కారు దిగారు. నన్ను గుర్తుపట్టి, "పెద్దాయన్ని ఎండలో నిలబెట్టారేంటి, మేనేజరు గారి గదిలో కూర్చోబెట్టండి" అన్నారు. కూర్చోబెట్టారు. ఫ్యాను వేశారు, టీ తెచ్చిచ్చారు. గోడకు అవతల మీ సమావేశం, ఇవతల నేను. మైకులో మాటలు గొణుగుడులా వినబడుతున్నాయి గానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. టీ చల్లారేలోపే కుర్చీలు జరిపిన చప్పుడైంది. సమావేశం అయిపోయింది.

మీ మర్యాదను తక్కువ చేయడం లేదు. ఈ రోజుల్లో రిటైరైన గుమస్తాను కారు ఆపి పలకరించే వాళ్లెందరుంటారు? కానీ ఆ రోజు నేను మిమ్మల్ని చూడ్డానికి రాలేదమ్మా. ఇంటి పన్నూ నీటి పన్నూ కట్టే మనిషిగా, మా తరఫున మీరంతా ఏం మాట్లాడుకుంటారో వినడానికి వచ్చాను. మనిద్దరి మధ్య సంగతైతే ఇంటికొచ్చి చెప్పుకునేవాణ్ణి. ఇది అందరిదీ కాబట్టి అందరూ చదివేలా రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయను. చుట్టుపక్కల ఊళ్లవాళ్లను అడిగితే వాళ్లదీ ఇదే మాట.

ఆ రోజు నేను వినాలనుకున్నది ఒక్క అంశమే. ఒక కౌన్సిలర్ చూపించిన అజెండాలో 23వది. పాత కూరగాయల మార్కెట్ స్థలంలో ప్రైవేటు వాళ్ల భాగస్వామ్యంతో దుకాణాల సముదాయం కట్టించే ప్రతిపాదన. నాలుగు లైన్లలో ఉంది. ఎవరు కడతారు, ఎన్నేళ్లకు ఇస్తారు, అక్కడ గంపలు పెట్టుకుని బతికినవాళ్లకు చోటుంటుందా ఉండదా, ఏమీ లేదు. "ఆమోదం నిమిత్తం కౌన్సిల్ ముందు ఉంచడమైనది" అని మాత్రం ఉంది.

ఆ మార్కెట్‌ను ఊరి బయటికి మార్చాలని తీర్మానించిన రోజు నాకు బాగా గుర్తు. గత ఏడాది. నేను పన్ను కట్టడానికి కౌంటరు దగ్గరికి వచ్చాను. మెట్ల మీద గోంగూర అమ్మే ఆవిడ కూర్చుని ఉంది. పక్కన గంప, గంప మీద తడిగుడ్డ. పొద్దుట ఎనిమిదింటికి వచ్చిందట. లోపల తమ మార్కెట్ సంగతి తేలుతుందని ఎవరో చెబితే, ఆ రోజు బేరం మానుకుని వచ్చింది. లోపలికి రానివ్వలేదు. పదకొండున్నరకు సమావేశం మొదలైంది, పన్నెండు లోపే ముగిసింది. కౌన్సిలర్లు ఒక్కొక్కరే దిగి కార్లెక్కి వెళ్లారు. ఆవిడ లేచి నిలబడి ఒక్కొక్కరి మొహం చూసింది. ఎవరూ ఆగలేదు. చివరికి నా దగ్గరికి వచ్చి, "మా సంగతి ఏమన్నారు బాబూ?" అని అడిగింది. నాకేం తెలుసు? "కాగితం రావాలమ్మా" అన్నాను. మునిసిపల్ ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసిన నోటికి అలవాటైన మాట అదే. తడిగుడ్డ అప్పటికే ఆరిపోయింది. గోంగూర వాడిపోయింది. పది రోజుల తర్వాత ఆటోలో మైకు పెట్టి ప్రకటించినప్పుడు తెలిసింది ఆవిడకు, మార్కెట్ బైపాస్ పక్కకు పోతోందని.

మార్కెట్ మార్చడం తప్పని నేననను. పాత చోట లారీ తిరగడానికి వీల్లేదు, మురుగు పోయే దారీ లేదు. మీ దగ్గర మంచి కారణాలే ఉండి ఉండొచ్చు. అవి ఆవిడకు వినబడలేదు. నాకూ వినబడలేదు.

ఇక నా సంగతి. ఇలాంటి హాల్లోనే, వేరే ఊళ్లో, పదకొండేళ్లు కౌన్సిల్ సెక్షన్‌లో పనిచేశాను. అజెండా టైపు చేయించడం, కౌన్సిలర్ల ఇళ్లకు పంపించి సంతకాలు తీసుకోవడం, సమావేశంలో కమిషనర్ వెనక చిన్న బల్ల దగ్గర కూర్చుని తీర్మానాలు రాసుకోవడం నా పని. మినిట్స్ పుస్తకం నా బీరువాలో ఉండేది. "సభ్యులు కూలంకషంగా చర్చించిన మీదట ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అన్న వాక్యం ఈ చేత్తో ఎన్ని వందలసార్లు రాశానో. అందులో చాలాసార్లు చర్చన్నది జరగనే లేదు. అంశం నంబరు చదవడం, "పాస్, పాస్" అనడం, తర్వాతి నంబరుకు పోవడం. అరవై అంశాలు ముప్పావుగంటలో ముగిసిన రోజులున్నాయి. జరగని చర్చను జరిగినట్టు రాయడం తప్పని నాకప్పుడూ తెలుసు. రాశాను.

చర్చ ఎక్కడా జరగలేదా అంటే, జరిగింది. ముందురోజు రాత్రి, ఒక నాయకుడి ఇంటి డాబా మీద. ఏది ఎవరికి, ఏ వార్డుకు ఎంత, ఎవరు లేచి కాదనాలి, ఎంతసేపు అరిచి వాకౌట్ చేయాలి, అన్నీ అక్కడే కుదిరేవి. పొద్దున హాల్లో చదివేది కుదిరిన దాన్నే. ఇక టేబుల్ అజెండా అయితే చెప్పక్కర్లేదు. ముందుగా సభ్యుల ఇళ్లకు చేరాల్సిన కాగితం సమావేశం మొదలయ్యాక బల్ల మీదకు వస్తుంది. చదువుకునే వ్యవధి సభ్యులకే ఉండదు, ఊరికెక్కణ్ణుంచి ఉంటుంది? ఎక్కువ డబ్బుతో ముడిపడినవి ఆ బల్ల మీదే ఎక్కువ వచ్చేవని నా అనుభవం.

అందుకే హాలు తలుపు తెరవమని నేనడిగితే, "తెరిస్తే మాత్రం ఏముంటుంది చూడ్డానికి" అని పాత స్నేహితులు అంటారు. ఉంటుందమ్మా. జనం కూర్చుని వింటున్నప్పుడు "పాస్, పాస్" అనడానికి నోరు రాదు. ఎవరో ఒకరు లేచి "ఇది ఎందుకు చేస్తున్నాం" అని రెండు ముక్కలైనా చెప్పాల్సి వస్తుంది. డాబా మీద కుదిరినదానికైనా హాల్లో కారణం చెప్పక తప్పదు.

ఇదేదో కొత్తగా నా బుర్రలో పుట్టిన కోరిక కాదు. మన కోస్తా ఊళ్లు ఒకప్పుడు నడిచింది 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం కింద. తెల్లవాళ్ల కాలం. ఓటు ఉన్నవాళ్లే ఊళ్లో కొద్దిమంది. అయినా కౌన్సిల్ సమావేశాలన్నీ జనానికి తెరిచే ఉండాలని ఆ చట్టం చెప్పింది. ఏదైనా ఒక విషయంలో జనాన్ని బయటికి పంపాలని అధ్యక్ష స్థానంలో ఉన్నవారికి అనిపిస్తే పంపొచ్చు, సభ కోరితే పంపాలి. కానీ ఎందుకు పంపుతున్నారో ఆ కారణం మినిట్స్ పుస్తకంలో రాయాలి. బొంబాయి నగరపాలక చట్టం ఇంకో దారి పట్టింది. అక్కడ తలుపు మూయాలంటే హాజరైన సభ్యుల్లో ఎక్కువమంది తీర్మానం చేయాలి. రెండిట్లోనూ తెరిచి ఉండడం మామూలు, మూయడానికే ప్రత్యేకంగా ఒక పని చేయాలి. మన 1965 నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల చట్టం ఆ మద్రాసు చట్టం స్థానంలోకి వచ్చిందే. మరి మన దగ్గర వాడుక ఎప్పుడు తిరగబడింది? మూసి ఉండడం మామూలైపోయి, తెరవమనడానికి మనిషికి పలుకుబడి కావాల్సి వస్తోంది. ఆ రోజు నాకు దొరికిన ఫ్యాను గాలి కూడా పలుకుబడి వల్ల దొరికిందే. గోంగూర ఆవిడకు అదీ లేదు.

మునిసిపాలిటీ అన్న మాట చుట్టూ మన జిల్లాల్లో ఒక పాత గాయం ఉంది. 1919లో చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేశారు. మాకొద్దు, ఆ పన్నులు మేం మోయలేం అని జనం మొత్తుకున్నా వినలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట 1921లో వేలమంది ఇళ్లకు తాళాలు వేసి, ఊరి పొలిమేర దాటి, పాకలు వేసుకుని, దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని, నెలల తరబడి ఎండకూ వానకూ ఓర్చుకున్నారు. బళ్లో మాస్టారు ఆ కథ పన్నుల కథగా చెప్పారు. ఆఫీసులో చేరాక నాకది ఇంకోలా అర్థమైంది. తమ మీద తీసుకునే నిర్ణయం తమకు చివరగా తెలియడం మనిషికి ఎంత అవమానంగా ఉంటుందో చీరాల వాళ్లు ఊరు ఖాళీ చేసి చూపించారు.

పల్లెటూరికి ఈ విషయంలో మనకంటే గట్టి హామీ ఉంది. 73వ సవరణ తర్వాత గ్రామసభ రాజ్యాంగంలోకే ఎక్కింది. ఊళ్లో ఓటున్న ప్రతి మనిషీ దానిలో సభ్యుడే, ఎవరినీ అనుమతి అడగక్కర్లేదు. గ్రామసభలు ఎలా నడుస్తున్నాయో నాకు తెలుసు, సంతకాల కోసం రిజిస్టరు ఇంటింటికీ తిప్పే ఊళ్లూ నాకు తెలుసు. అయినా కాగితం మీదైనా హక్కుంది. పట్నవాసానికి అదీ లేదు. 74వ సవరణ వార్డు కమిటీలంటే, అవి మూడు లక్షల జనాభా దాటిన ఊళ్లకు. మనలాంటి ఊరికి మిగిలింది కౌన్సిల్ హాల్లో వెనక వరస ఒక్కటే. ఆ వరసలో ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

2005లో సమాచార హక్కు చట్టం వచ్చినప్పుడు నేనింకా సర్వీసులోనే ఉన్నాను. నాలుగో సెక్షన్ కింద ప్రతి ఆఫీసూ తనంతట తాను 17 అంశాలు ప్రకటించాలి. మేం రాత్రింబగళ్లు కూర్చుని ఆ పుస్తకం తయారుచేశాం. వాటిలో ఎనిమిదోది ఏమడుగుతుందంటే, మీ దగ్గర ఏ ఏ మండళ్లు, కౌన్సిళ్లు, కమిటీలు ఉన్నాయి, వాటి సమావేశాలకు జనం రావొచ్చా, రాకూడదంటే మినిట్స్ అయినా చూడొచ్చా అని. తలుపు తెరవమని ఆ చట్టం శాసించలేదు. తెరిచి ఉందో మూసి ఉందో బయటికి చెప్పమంది. మన ఆఫీసు పుస్తకంలో ఎనిమిదో అంశం కింద ఏముందో మొన్న చూశాను. "వర్తించదు" అని ఉంది. కౌన్సిల్ ఉన్న ఆఫీసుకు కౌన్సిల్ గురించి అడిగిన ప్రశ్న ఎలా వర్తించకుండా పోతుందమ్మా?

మినిట్స్ కావాలంటే పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకో, ముప్పై రోజులు ఆగు అంటారు. ఆ చట్టం నాకు ప్రాణం. కానీ అది నిర్ణయం అయిపోయాక కాగితం ఇస్తుంది. నిర్ణయం కాబోతున్నప్పుడు నా చెవికి చేరవేయదు. ముప్పై రోజులకు బైపాస్ పక్కన రేకుల షెడ్లు లేచిపోతాయి.

ఇప్పుడు మీ వైపు నుంచి ఆలోచిస్తాను. తలుపు ఎప్పుడూ మూయకూడదని నేననడం లేదు. మూయాల్సిన సమయాలున్నాయి, అప్పుడు మూయకపోవడమే తప్పు. రేపు డంపింగ్ యార్డుకు పదెకరాలు కొనాలనుకోండి. ఎకరానికి ఎంతవరకు వెళ్లొచ్చో అందరి ముందూ మాట్లాడితే ఆ పొలం యజమాని వెనక వరసలో కూర్చుని వింటాడు. బేరం అక్కడితో సరి, నష్టపోయేది మా పన్ను డబ్బే. మన మీద కోర్టులో కేసుంటే, మన వాదనలో ఎక్కడ బలహీనత ఉందో వకీలు చెప్పే మాట అవతలివాళ్ల చెవిన పడకూడదు. పారిశుద్ధ్య కార్మికురాలు ఒకరు తన సూపర్‌వైజర్ మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు ఇచ్చిందనుకోండి, ఆమె పేరు బయటపెట్టకూడదని 2013 నాటి చట్టమే ఉంది. ఆ విషయం ఊరందరి ముందూ చదివితే రెండోసారి ఆమెను వేధించినట్టే. టెండర్లు పరిశీలనలో ఉండగా ఎవరెంత కోట్ చేశారో పైకి పొక్కకూడదు. ఇవన్నీ నేను ఒప్పుకుంటాను. నేనే కౌన్సిలరునైతే తలుపు దగ్గరికి ముందు నేనే లేస్తాను.

మీరూ కమిషనరూ ఇంజినీరూ రోజూ పొద్దున కూర్చుని నీళ్లు ఎక్కడ రాలేదు, ట్రాక్టరు ఎందుకు ఆగింది అని చూసుకునే మాటల్లోకి కూడా ఎవరూ తలదూర్చక్కర్లేదు. అది పని. కౌన్సిల్‌లో జరగాల్సింది నిర్ణయం.

ఈ లెక్కన 23వ అంశాన్ని విడదీసి చూడండి. మార్కెట్ వ్యాపారులు కోర్టుకు వెళ్లారని విన్నాను. దాని మీద వకీలు సలహా వినడానికి తలుపు మూయండి. కట్టడానికి ముందుకొచ్చిన వాళ్ల కొటేషన్లు పోల్చి చూసుకునేటప్పుడు మూయండి. కానీ ఊరి నడిబొడ్డున ఉన్న మునిసిపల్ స్థలాన్ని ప్రైవేటు చేతుల్లో పెట్టాలా వద్దా, పెడితే ఎన్నేళ్లకు, గంపల వాళ్లకు లోపల చోటుందా, ఆశీలు ఎవరు వసూలు చేస్తారు, ఈ నాలుగింట్లో ఒక్కటి కూడా రహస్యం కాదు. ఒక అంశంలో పావు వంతు గుట్టుగా ఉండాల్సి వస్తే మిగతా ముప్పావూ దాంతోపాటు మూటగట్టడం మన ఆఫీసుల పాత అలవాటు. సమాచార హక్కు చట్టం ఆ అలవాటును ఒప్పుకోదు. ఇవ్వకూడని భాగం తీసేసి మిగతాది ఇమ్మంటుంది. సమావేశానికీ అదే న్యాయం.

మూడేళ్ల కిందట కాలిఫోర్నియాలో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు, పొద్దుపోక ఒక సాయంత్రం వాళ్ల సిటీ కౌన్సిల్ సమావేశానికి వెళ్లాను. నన్నెవరూ పేరు అడగలేదు. అజెండా తలుపు పక్క అద్దాల బోర్డులో అంటించి ఉంది. 72 గంటల ముందే పెట్టాలట, అందులో లేని విషయం మీద, అత్యవసరమైతే తప్ప, నిర్ణయం తీసుకోవడానికి వీల్లేదట. టేబుల్ అజెండాతో బతికిన నాకు ఆ బోర్డు ముందు నుంచి కదలబుద్ధి కాలేదు. మూసిన తలుపుల వెనక మాట్లాడుకోబోయేది కూడా అందులో రాసి ఉంది, ఫలానా కోర్టు కేసు మీద న్యాయవాదితో సంప్రదింపు అని. సభ్యులు వెనక గదిలోకి వెళ్లేముందు ఆ విషయం మీద ఎవరైనా మాట్లాడతారా అని అడిగారు. వెళ్లారు. అరగంట తర్వాత వచ్చి కూర్చున్నారు. నగర న్యాయవాది మైకు ముందుకొచ్చి, లోపల ప్రకటించాల్సిన నిర్ణయమేదీ జరగలేదని చెప్పాడు. ఆ తర్వాత మన తెలుగు కుర్రాడే ఒకడు లేచి, పార్కులో దీపాలు తొందరగా ఆర్పేస్తున్నారని, మాట్లాడే సమయం చూపే గడియారం ఎర్రబడేదాకా మాట్లాడాడు. మేయరు రాసుకుంది.

ఈ నియమాలు పెట్టిన చట్టం పేరు బ్రౌన్ చట్టం. 1952లో శాన్‌ఫ్రాన్సిస్కో పత్రిక విలేకరి ఒకాయన, ఊరి పాలక మండళ్లు గుట్టుగా కలుసుకుని పనులు చక్కబెట్టుకుంటున్నాయని వరసగా కథనాలు రాస్తే, ఆ మరుసటి ఏడాది వచ్చింది. దానిలో నన్ను బాగా ఆలోచింపజేసింది ఒక నిషేధం. సభ్యుల్లో సగానికి మించినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఫోన్లలోనో, మధ్యవర్తి ద్వారానో ఒక విషయం చర్చించుకుంటూ పోయినా అది రహస్య సమావేశం కిందికే వస్తుంది. అంటే మన డాబాను అక్కడ పేరు పెట్టి నిషేధించారు. అక్కడ అందరూ ధర్మరాజులని నేననను. డాబాలు అక్కడా ఉంటాయి. కానీ పట్టుబడితే కోర్టుకెళ్లి ఆ నిర్ణయాన్నే కొట్టేయించే దారి ఒక మామూలు మనిషికుంది.

ఇంగ్లండులో 1908లోనే విలేకర్లను కౌన్సిళ్లలోకి రానివ్వాలని చట్టం వచ్చింది. కౌన్సిళ్లు ఏం చేశాయి? మొత్తం కౌన్సిలంతా కలిసి తామే "కమిటీ"గా మారిపోయేవి. కమిటీకి చట్టం వర్తించదు కాబట్టి విలేకర్లు బయటికి. మనుషులు అవే, కుర్చీలు అవే, పేరు మాత్రం మారింది. ఆ సందు పూడ్చే బిల్లును 1960 ఫిబ్రవరిలో కొత్తగా ఎన్నికైన ఒక సభ్యురాలు ప్రవేశపెట్టారు. పార్లమెంటులో ఆమె మొదటి ప్రసంగమే అది. ఆమె మార్గరెట్ థాచర్. ఆమె రాజకీయాలతో నాకు పొత్తు లేదు, ఈ పని మాత్రం ఆమె ఖాతాలో వేయాల్సిందే.

మీరు అనబోయే మాట నాకు తెలుసు. జనం ముందు పెడితే సభ్యులు మనసు విప్పి మాట్లాడరు, గ్యాలరీ కోసం అరుస్తారు, సెల్‌ఫోన్లో తీసి ముక్కలు ముక్కలుగా వాట్సాప్‌లో తిప్పుతారు, పని జరగదు. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తోసెయ్యను. పార్లమెంటు కమిటీలు కూడా తలుపులు మూసుకునే కూర్చుంటాయి, అక్కడ పార్టీల గోల తగ్గి పని బాగా సాగుతుందంటారు. నిజమే కావొచ్చు. కానీ ఆ కమిటీ నివేదిక రాస్తుంది, అది సభ ముందుకు వస్తుంది, ఒప్పుకోని సభ్యుడి అసమ్మతి దానికి జతపడుతుంది. చివరి మాట గదిలో ఉండిపోదు. మన దగ్గర గదిలో మొదలై గదిలోనే ముగుస్తోంది.

గుట్టు తప్పదనడానికి యుద్ధం కంటే పెద్ద కారణం ఏముంటుంది? 1962 నవంబరులో చైనా సైన్యం లోపలికి వచ్చేస్తున్నప్పుడు, లోక్‌సభ రహస్యంగా సమావేశం కావాలన్న సూచన వచ్చింది. నెహ్రూ ఒప్పుకోలేదు. ఆ చర్చలో ఆయన మాటలు పడ్డారు, సొంత పార్టీ వాళ్లతోనూ పడ్డారు. దేశమంతా వింది. సరిహద్దు కూలుతున్నప్పుడు తెరిచి ఉంచిన తలుపును, కూరగాయల మార్కెట్ కోసం మనం మూస్తున్నాం.

మన తెలుగు నేల మీదే ఇంకో నిదర్శనం ఉంది. 2006లో అనంతపురం జిల్లాలో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ మొదలైంది. ఆ తర్వాత మండలం మండలానా షామియానా వేసి, మస్టర్ రోల్ జనం ముందు పైకి చదివారు. నేనూ ఒకచోట చూశాను. పేరు చదువుతారు, ఎన్ని రోజులు పనికెళ్లాడో, ఎంత ముట్టిందో చదువుతారు. వెనక నుంచి ఒక ముసలాయన లేచి, ఆ నెలంతా నేను ఆస్పత్రిలో ఉన్నానయ్యా అన్నాడు. రాసేవాడి పెన్ను ఆగింది. ఎంపీడీవో తల దించుకున్నాడు. ఎవరూ అరవలేదు, కుర్చీలు విరగలేదు. అక్షరం రాని వాళ్లే ఎక్కువమంది కూర్చున్న ఆ సభ, నేను చూసిన ఏ కౌన్సిల్ సమావేశం కన్నా క్రమంగా నడిచింది.

వీడియోల భయం గురించి ఒక్క మాట. 2022 సెప్టెంబరు నుంచి సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాల వాదనలు ఎవరైనా ఫోన్లో చూడొచ్చు. మా మనవడు అన్నం తింటూ చూస్తాడు. అక్కడి న్యాయమూర్తుల గౌరవానికి ఏ లోటూ రాలేదు.

ఇక మిమ్మల్ని అడిగేది. వీటికి జీవో అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. సమావేశానికి మూడు రోజుల ముందు అజెండా గేటు పక్క నోటీసు బోర్డుకు అంటించండి. ఇప్పుడు ఆ బోర్డు మీద రెండేళ్ల కిందటి పల్స్ పోలియో కాగితం ఉంది. నాలుగు లైన్లతో సరిపెట్టకుండా, డబ్బెంత, ఎవరికి, ఎన్నాళ్లకు అన్నది చేర్చండి. టేబుల్ అజెండా నిజంగా పైపు పగిలినప్పుడో వరదొచ్చినప్పుడో మాత్రమే వాడండి. వెనక వరసలో పేర్చిన కుర్చీలు దింపించండి, ఇరవై చాలు. అల్లరి చేసినవాణ్ణి బయటికి పంపే అధికారం మీకెలాగూ ఉంది, వాడండి, నేనే చప్పట్లు కొడతాను. జనాన్ని బయటికి పంపాల్సిన అంశం వస్తే, ఏ అంశమో, ఏ కారణానో పైకి చెప్పి, మినిట్స్‌లో రాయించి, అప్పుడు పంపండి. మాట్లాడుకోవడం అయ్యాక మళ్లీ పిలిచి, ఓటు మా ముందు వేయండి. ఎవరు అవునన్నారు, ఎవరు కాదన్నారు, పేర్లతో రాయించండి. "ఏకగ్రీవంగా" అన్న మాట నిజంగా ఏకగ్రీవమైనప్పుడే రాయమని కౌన్సిల్ సెక్షన్‌లో కుర్చీ వేసుకున్న కుర్రవాడికి చెప్పండి. మీరు చెబితే రాస్తాడు. మా రోజుల్లో మాకెవరూ చెప్పలేదు.

మీరు రాజకీయాల్లోకి కొత్తగా వచ్చారు, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడపడుచు మీరు. ఎన్నికలప్పుడు మా వీధిలో ఇంటింటికీ తిరిగి అందరినీ పేరుపెట్టి పలకరించారు. గుమ్మంలోకి మిమ్మల్ని రానివ్వని ఇల్లు ఒక్కటీ లేదు.

23వ అంశం వాయిదా పడిందని, వచ్చే సమావేశానికి మళ్లీ వస్తోందని విన్నాను. నేనూ వస్తాను. ఈసారి మేనేజరు గారి గది వద్దమ్మా, టీ కూడా వద్దు. గోంగూర ఆవిణ్ణి వెంటబెట్టుకొస్తున్నాను. బైపాస్ పక్కన బేరాల్లేక ఇప్పుడు ఆవిడ మా వీధుల్లో గంప నెత్తిన పెట్టుకుని తిరుగుతోంది. మోకాళ్లు సహకరించడం లేదు, ఎక్కువసేపు నిలబడలేదు. తలుపు దగ్గరి కుర్చీ ఒకటి ఆవిడకు ఉంచమని చెప్పండి.

ఇట్లు,
మీ పురపాలక సంఘంలో పన్ను చెల్లించే
ఒక విశ్రాంత మునిసిపల్ ఉద్యోగి